పొద్దున నాకు, మధ్యాహ్నం నీకు

వంటింట్లో టీ గ్లాసులు కడుగుతుండగా నన్ను పంచేసుకున్నారు.

మామగారు పోయాక మా ఆయనకీ మరిదికీ పొసగలేదు. ఆ రోజు ముందుగదిలో కూర్చుని బూట్ల దుకాణం పంచుకుంటున్నారు. కుట్టుమిషను పెద్దవాడికి, తోలు చిన్నవాడికి, చెక్క అచ్చులు చెరిసగం. అంతా మర్యాదగానే సాగింది. ఆఖర్న మరిది గొంతు సవరించుకున్నాడు.

"మరి వదిన సంగతేంటన్నయ్యా? బూట్లకి అడుగు కుట్టేది ఆవిడేగా. నువ్వే ఉంచేసుకుంటే నా కొట్టు నడిచేదెలా?"

మా ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆలోచించాడు. ఒళ్లు మండింది ఆ ఆలోచనకే.

"సరే. పొద్దున నాకు, మధ్యాహ్నం నీకు."

"వంటయ్యాకేరా," అంది అత్తగారు.

పెళ్లయిన కొత్తలో, ఖాళీగానే ఉన్నావుగా అంటూ మామగారు నా చేతికి తోలు పొడిచే ఆరె ఇచ్చాడు. అప్పటినుంచి ఖాళీ అన్నది ఎరగను. బూటును మోకాళ్ల మధ్య బిగించి, ఆరెతో పొడిచి, మైనం పట్టిన దారాన్ని రెండు చేతులా లాగాలి. కడుపుతో ఉన్నప్పుడు బూటు పట్టడానికి ఒళ్లో చోటు లేకపోతే పక్కకి తిరిగి కూర్చుని కుట్టాను. దారం కోసి కోసి వేళ్లు కాయలు కాచాయి. వానలో నడిచినా చుక్క నీరు దూరలేదని ఎవరైనా మెచ్చుకుంటే, మా ఆయన మీసం సవరించుకునేవాడు. కుట్టింది మీ ఆవిడటగా అంటే మాత్రం, "మా ఆవిడా? ఏదో చేతిసాయం చేస్తుందిలెండి." పెళ్లిళ్లకి వెళ్తే అత్తగారు చెవిలో ఊదేది, "ఆ చేతులు కొంగులో దాచుకోవే, నలుగురూ చూస్తున్నారు." దాచుకోవాల్సిన చేతులకి ఇప్పుడు ఇద్దరు హక్కుదారులు!

తడిచేతులతోనే ముందుగదిలోకి వెళ్లాను.

"నన్నడగరా?"

"అడగడానికేముంది? నువ్వు ఇంట్లో మనిషివేగా," అన్నాడు మా ఆయన.

"ఇంట్లో మనిషికైతే వాటా ఉంటుంది. లేనిది సామానుకే. నేను మనిషినో సామానో ముందు తేల్చండి."

"ఎంత నోరొచ్చిందే నీకు!" అత్తగారు లేచి నిలబడింది.

"ఊరికే అన్నాం వదినా," మరిది నేల చూపులు చూశాడు.

నేను చతికిలబడి కూర్చున్నాను. రెండు కుప్పల్లోంచీ అచ్చులు జతలు జతలుగా తీసి, గోడవారన మూడో కుప్ప పేర్చడం మొదలుపెట్టాను. మా ఆయన విసురుగా నా ముంజేయి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, చెయ్యి జాగ్రత్త!" కంగారుగా అరిచాడు మరిది.

నా మీద ప్రేమతో కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. మా ఆయన చెయ్యి వదిలేశాడు. నేను పేర్చడం ఆపలేదు.