తడవని బుట్ట

పడవ అడుగు గదిలోకి మనిషి దిగేముందు కోడిని దించడం ఆ రేవులో అలవాటు. దాణా ఆడించడానికి తెచ్చే చిన్న చేపలు ఆ గదిలో రోజుల తరబడి కుళ్లుతాయి. ఆ కుళ్లు గాలిలోని ప్రాణవాయువును తినేసి విషపు గాలిని వదులుతుంది. అది బరువైనది, పైకి రాదు. నీళ్లలా అడుగునే పడి ఉంటుంది. అందుకే కోడిని బుట్టలో పెట్టి, తాడుతో అడుగు దాకా దించి, కాసేపు ఉంచి లాగుతారు. అది బతికి వస్తే మనిషి దిగుతాడు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. చదివింది జంతుశాస్త్రం. అన్నయ్య ఆ గదులు ఖాళీ చేసే పనిలో ఉన్నాడు. ఆ ఉదయం అతను మరిచిపోయిన అన్నం క్యారేజీ ఇవ్వడానికి రేవుకు వెళ్లాను.

తాడు పట్టే ముసలాయనను అందరూ తాడు తాత అంటారు. అతను పెంచుకునే కోడి పేరు దొరసాని. బుట్ట పైకి రాగానే దొరసాని మెడ చాచి మా అందరినీ ఓ చూపు చూసింది.

"కోడిగారు సంతకం పెట్టేశారు" అన్నాడు అన్నయ్య, నడుముకు గుడ్డ బిగించుకుంటూ.

"తిని దిగు అన్నయ్యా."

"వచ్చి తింటాలే. ఇందాక మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు ముక్కు బద్దలుగొట్టింది. ఇప్పుడు వంగి చూస్తే అసలు వాసనే లేదు."

ఆ విషపు గాలి ఎక్కువైతే ముందు ముక్కునే మొద్దుబారుస్తుందని చదివాను. కానీ కోడి బతికే ఉందిగా! మన ఊపిరి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే వైపుకు పారుతుంది. మంచిదైనా చెడ్డదైనా, గాలిలో ఉన్నదాన్ని అది మనకన్నా బాగా పిండుకుంటుంది. మనిషికి తల తిరిగేలోపే కోడి తల వాల్చాలి. మరి ఇదేమిటి?

బుట్ట వైపు చూశాను. గది అడుగున ఎప్పుడూ చేపల జిగురు నిలిచి ఉంటుంది. అన్నయ్య బట్టలు ఉతికేది నేనే, మోకాళ్ల దాకా అదే పట్టి ఉంటుంది. బుట్ట అడుగు మాత్రం పొడిగా ఉంది.

అన్నయ్య నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"దిగొద్దు! బుట్ట తడవలేదు."

"మొదలెట్టింది టీచరమ్మ. ఇంటికొచ్చాక చెబుదువుగాని పాఠం."

పరుగెత్తి కాలరు పట్టుకున్నాను.

"చొక్కా చిరుగుతుందే!"

"చిరగనీ. తాతా, బుట్ట అడుగు తాకిందా? నా మీద ఒట్టేసి చెప్పు."

తాత కోడిని గుండెకు హత్తుకున్నాడు.

"సగంలోనే ఆపాను" అన్నాడు. "ఇదివరకటిది నా చేతుల్లోనే పోయిందమ్మా. ఇది పిల్లప్పట్నుంచీ నా దోసిట్లో గింజలు తిన్నది. అడుగు దాకా వదలడానికి చేతులు రావు."

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు అన్నయ్య, నిచ్చెన వదిలి పైకి వస్తూ.

"ఇది వచ్చినప్పట్నుంచీ. నువ్వు దిగిన ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాన్రా."

"నన్ను తలుచుకుంటే సరిపోయేది తాతా."

మేస్త్రీ విసుక్కుంటూ వచ్చాడు. "అనుమానముంటే మళ్లీ దించండి. పని ఆగకూడదు."

"గాలి పంపే ఫ్యాను పెట్టించండి" అన్నాను.

"పైవాళ్లకి చెబుతాలే. ముందు కోడిని దించండి."

తాత ఇవ్వలేదు. అన్నయ్యే అతని చేతుల్లోంచి దొరసానిని తీసుకుని, బుట్టలో పెట్టి, తాడు వదులయ్యేదాకా దించాడు. నేను అడ్డుపడలేదు.

బుట్ట పైకి వచ్చింది. అడుగు నుంచి జిగురు కారుతోంది. దొరసాని మెడ అంచు మీంచి వేలాడుతోంది.

తాత అక్కడే కూలబడ్డాడు. మేస్త్రీ బుట్టలోకి చూసి, "మధ్యాహ్నం ఇంకో పడవ వస్తుంది. ఇంకో కోడిని చూడండి" అని వెళ్లిపోయాడు.

అన్నయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. క్యారేజీ మూత తీయలేదు.

"నిన్న కూడా దిగానే" అన్నాడు మెల్లగా. "నిన్న కింద గాలి ఎలా ఉండిందో?"

అతను గుండె నిండా గాలి పీల్చాడు, వదిలాడు. మళ్లీ పీల్చాడు. మధ్యాహ్నం పడవ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.