మోహ్వా వంతు

ఆదివారం మధ్యాహ్నం హేరిమ్ వంటగట్టు దగ్గర నిలబడి సోయా మొలకల తోకలు గిల్లుతోంది. హాల్లో ఆమె భర్త తేగ్యూ సోఫాలో కాళ్ళు చాపుకుని కంప్యూటర్ ఆట ఆడుతున్నాడు. రాక్షసులూ, కోటలూ, అయిదుగురు సాహసికులూ ఉన్న ఆట. అందులో పాత్రలు పలికే ప్రతి మాటా హేరిమ్ రాసిందే.

తెరమీద మోహ్వా అనే వైద్యురాలు చనిపోయిన తన చెల్లెలి గురించి చెప్పడం మొదలుపెట్టింది. తేగ్యూ బొటనవేలు టకటకమంటూ మాటల్ని దాటవేసే మీటను నొక్కేసింది. మోహ్వా నోరు తెరవడం, మూయడం, అంతే. చెల్లెలు ఎవరో, ఎలా పోయిందో తేలకుండానే కత్తులు బయటికొచ్చాయి.

"ఈవిడ సోది ఎప్పటికి ఆగుతుందో! గాయానికింత మందు రాసి ఊరుకోవచ్చు కదా," అన్నాడు తేగ్యూ. తర్వాత గుర్తొచ్చినట్టుంది, వంటింటి వైపు తిరిగి, "నిన్ను కాదులే," అన్నాడు.

హేరిమ్ నవ్వింది. అలవాటైన నవ్వు. ఆ చెల్లెలి సంగతి రాయడానికి ఆమెకు ఒక చలికాలమంతా పట్టింది. పెళ్ళైన కొత్తలో అత్తగారు ఆమె ఉద్యోగం గురించి విని, "మాటలు రాస్తే జీతమిస్తారా? మరి నేను ఇన్నేళ్ళుగా ఊరికే మాట్లాడుతున్నానే!" అంటే చుట్టాలంతా పడీపడీ నవ్వారు. ఆ రోజు కూడా హేరిమ్ నవ్వుతూనే పళ్ళాలు తీసింది. మాట మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళిపోతే ఆ మిగతా మాటను గొంతులోనే మడిచి పెట్టుకోవడం ఆమెకు బాగా వచ్చు. ఎన్ని మడిచిందో ఆమెకే తెలియదు.

మర్నాడు పాంగ్యోలోని ఆటల కంపెనీ ఆఫీసులో డైరెక్టర్ ప్యో అందర్నీ కూర్చోబెట్టాడు. ఆ ఆటకి రెండో భాగం, అదే అయిదుగురితో, తయారవుతోంది. వంతెన దగ్గర జరిగే ముట్టడి దాకా వచ్చి, తప్పొప్పులు చెప్పడానికి ముందుగా ఆడి చూసేవాళ్ళు విసుగెత్తి వదిలేస్తున్నారు.

"కథ సగం కోసేద్దాం," అన్నాడు యుద్ధాల విభాగం పెద్ద చా. "హేరిమ్ గారూ, ఏమీ అనుకోకండి. కథ అంటే నంజుకోవడానికి అన్నం పక్కన పెట్టే చిన్న గిన్నెల్లాంటిది. ఉంటే అందం. కానీ దాంతో కడుపు నిండదు కదా."

అందరూ తలలూపారు. ఆ చిన్న గిన్నెలు నింపడానికి ఎవరో పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి ఉంటారని ఇక్కడ ఒక్కరికీ తట్టదా అనుకుంది హేరిమ్. పైకి మాత్రం, "వారం రోజులు టైమివ్వండి. కోత నేనే కోస్తాను," అంది.

ఆ వారం ఆమె ఆడి చూసే గదిలో వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. అందరికన్నా గట్టి ఆటగాడు గిల్‌హో అనే కుర్రవాడు. వంతులవారీ యుద్ధం అది. మనవాళ్ళు ఒకసారి, శత్రువులు ఒకసారి గళ్ళమీద కదులుతారు. గిల్‌హో మోహ్వాను గోడ వెనక దాచి, ప్రతి వంతులోనూ ఆమెచేత గాయాలు మాన్పించాడు. కత్తివీరుడికి, విలుకాడికి, మళ్ళీ కత్తివీరుడికి. ఆమెకి బాణం తగిలి కూలిపోతే, "ఛ, మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు. అయ్యో అనలేదు.

హేరిమ్ చేతిలో కాఫీ చల్లారిపోయింది. లోపం ఎక్కడుందో ఆమెకి కనబడింది. కథ మాట్లాడుతున్నంతసేపూ యుద్ధం చేతులు కట్టుకుని నిలబడుతోంది. యుద్ధం మొదలవగానే కథ నోరు మూసుకుంటోంది. ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి గదిలో వాళ్ళున్న మొగుడూ పెళ్ళాల్లా. అలాంటప్పుడు ఏది సగం కోస్తే మాత్రం ఏం లాభం?

ఆమె తిన్నగా చా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మోహ్వా ఒకరి గాయం మాన్పినప్పుడల్లా ఆమె ఓపిక కొంత తగ్గాలి. మిగతా నలుగురిలో ఎవరైనా తమ వంతు వదులుకుని ఆమెకి కాపలా కాస్తేనే అది తిరిగి రావాలి. ఎవరూ కాయకపోతే ఆమె మాన్పనంటుంది."

చా కళ్ళజోడు తీశాడు. "వైద్యురాలు వైద్యం చెయ్యననడమేంటండీ! ఆడేవాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది."

"మండనివ్వండి. ఎందుకు మండుతోందో అప్పుడైనా ఆలోచిస్తారు."

"అసలు ఆ ముట్టడి మీరెప్పుడైనా ఆడారా?"

"కష్టమైన స్థాయిలో గెలిచాను. ఎడమ బురుజు విలుకాళ్ళని ముందు దించకపోతే లాభం లేదు. మీరు పెట్టిన నూనె పీపాలు మాత్రం దండగ, వాటిని ఎవరూ వాడరు."

చా పక్క కుర్చీ లాగి, "కూర్చోండి," అన్నాడు.

మొదటిసారి చేసిన నమూనా మరీ మొండికేసింది. మోహ్వా రెండో వంతుకే చేతులెత్తేసేది, ఎవరూ గెలవలేకపోయారు. చా లెక్కలు సడలించాడు. అప్పుడు మరీ తేలికైపోయి ఆమె అలసట ఎవరికీ పట్టలేదు. మళ్ళీ బిగించారు. హేరిమ్ తను రాసిన ఉపన్యాసాలన్నీ తనే కోసేసింది, ఇందులోనూ కొనసాగుతున్న ఆ చెల్లెలి కథతో సహా. మిగిలిన చిన్న చిన్న మాటల్ని తీసుకెళ్ళి కత్తుల మధ్య పెట్టింది.

ఆఖరి పరీక్షకి డైరెక్టర్ కూడా వచ్చి నిలబడ్డాడు. గిల్‌హో ఎప్పటిలాగే మోహ్వాను గోడ వెనక పెట్టి, ఆపకుండా వాడుకున్నాడు. కత్తివీరుడు నెత్తురోడుతూ వంతెన మీద పడి ఉన్నాడు. గిల్‌హో మీట నొక్కాడు. మోహ్వా కదల్లేదు.

"నా చేతులు చూశావా ఎప్పుడైనా?" అంది.

గిల్‌హో మళ్ళీ నొక్కబోయి ఆగాడు. తెరమీది బొమ్మను దగ్గరికి తెచ్చి ఆమె చేతుల వైపు చూశాడు. మోచేతుల దాకా నల్లబడిపోయి ఉన్నాయి. "ఎప్పట్నుంచి ఇలా ఉంది ఈవిడ?" అని గొణిగాడు. ఎంతో కష్టపడి పట్టుకున్న బురుజును వదిలేసి, విలుకాడిని కిందికి దింపి ఆమె పక్కన కాపలా పెట్టాడు. వంతెన సగం పోయింది. తర్వాతి వంతులో మోహ్వా లేచింది. ఆమె మాన్పగానే కత్తివీరుడూ లేచాడు. పోయిన వంతెనను గడి తర్వాత గడిగా మళ్ళీ గెలుచుకుంటుంటే అందరూ తెర దగ్గరికి జరిగారు. శత్రువుల జెండా కూలగానే గిల్‌హో కుర్చీలోంచి ఎగిరి లేచాడు. అందరూ ఒక్కసారిగా అరిచారు, చప్పట్లు కొట్టారు.

"అదరగొట్టావయ్యా చా!" అని డైరెక్టర్ చా భుజం తట్టాడు.

ఎప్పటిలా నవ్వి ఊరుకోవడానికి హేరిమ్ పెదవులు సిద్ధమైపోయాయి. ఆమె వాటిని ఆపింది.

"ఆ ఆలోచన నాదండీ," అంది, గదంతా వినబడేలా. "లెక్కలు చా గారివి. యుద్ధం నేను రాశాను."

"నిజమే," అన్నాడు చా. "నేనైతే వద్దని కూడా అన్నాను." గదంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఆమె మీద కాదు.

సాయంత్రం ప్యో ఆమెను తన గదికి పిలిచి కూర్చోమన్నాడు. "ఇకమీదట కథ, యుద్ధం రెండూ ఒకే చేతి కింద ఉండాలనుకుంటున్నాను. అది మీ చెయ్యి. బాధ్యత పెద్దది, ఇంటికి ఆలస్యమవుతూ ఉంటుంది. ఇంట్లో అడిగి రేపు చెప్పండి."

హేరిమ్ లేచి కుర్చీని బల్ల కిందికి నెట్టింది.

"ఇంట్లో చెబుతానండీ," అంది. "అడగాల్సిందేమీ లేదు."