సిలాస్ సగటు

వారమంతా గల్ఫ్ ఎండలో వెల్డింగ్ చేసి అలసిపోయిన సిలాస్‌ను క్రికెట్ జట్టు నుంచి తీసేస్తానన్నాడు కెప్టెన్ వాసు. ఇన్నేళ్లలో సిలాస్ బ్యాటింగ్ సగటు పన్నెండు, లీగ్ సగటు ఇరవై. సిలాస్ లోలోపల సంతోషించాడు. ఇక సెలవునాడు కొత్త పెళ్లాం పక్కన హాయిగా నిద్రపోవచ్చు.

హెప్సీ ఊరుకోలేదు. ఫోన్లో స్కోర్లన్నీ తిరగేసింది.

"ఏవండీ, ఆ ఇరవైలో ఏసీ ఆఫీసుల జట్లు కూడా ఉన్నాయి. ఒక్క మన లేబర్ క్యాంపు జట్లే చూస్తే సగటు తొమ్మిదే. మీరే నయం."

"పోనీలే హెప్సీ, ఖలాస్."

"ఖలాసేంటండీ, వాసన్నయ్యకి పంపేశాను కూడా."

అంతలో వాసు ఫోన్ చేశాడు. "మీ ఆవిడ లెక్కే కరెక్టురా. రేపు ఓపెనింగ్ నువ్వే. పొద్దున్నే ఐదింటికల్లా వచ్చెయ్, యల్లా."

హెప్సీ మురిసిపోతూ అతని జెర్సీకి ఇస్త్రీ మొదలుపెట్టింది. ఆ ముఖం చూశాక, తనకు నిద్ర కావాలన్న మాట పక్కనపెట్టి, సిలాస్ నాలుగింటికి అలారం పెట్టుకున్నాడు.