జల్లెడ వదిలి వెళ్ళిన నీడ

పళ్ళ సెట్లు చేసే ఆయనకి పొద్దున్నే పని మొదలవ్వాలంటే పక్కన రేడియో మోగుతూ ఉండాలి. ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరూ నోటి అచ్చులు ఆయనకే పంపేవారు. కిటికీ పక్క బల్ల మీద ఎవరెవరివో దవడలు వరసగా ఆరుతూ ఉండేవి. వాటిలో ఏటవతలి రేవు ఫుట్‌బాల్ జట్టు అభిమాని దవడ ఏదో తెలిస్తే ఒక పన్ను వంకరగా పెడతానని అందరితో అనేవాడు. అనడమే గానీ, ఎవరికీ ఎప్పుడూ అలా పెట్టలేదు.

ఆ రోజు రేడియోలో చెప్పారు. ఊరి క్లబ్బుకి ఆటగాళ్ళని వెతికి తెచ్చే స్పోర్టింగ్ డైరెక్టర్ రాజీనామా చేశాడట, రేవు జట్టులో చేరుతున్నాడట. ఆయన కలుపుతున్న సుద్ద గిన్నెలోనే గట్టిపడిపోయింది.

కాసేపటికి బస్సు డ్రైవరు వచ్చాడు. పళ్ళ సెట్లాయన భార్యకి అన్న. డ్యూటీ బట్టల్లోనే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"విన్నావా?"

"విన్నాను బావా."

"జల్లెడ పోయాడు."

జల్లెడ అన్నది అభిమానులు డైరెక్టర్‌కి ముద్దుగా పెట్టుకున్న పేరు. ఎవరూ తొంగిచూడని మైదానాల్లో రోజంతా కూర్చుని, అంత ఇసకలోంచీ ఒక ఆటగాణ్ణి జల్లించి తెచ్చేవాడు.

"ఆటగాడు పోతే ఇంకొకణ్ణి తెచ్చుకుంటాం. తెచ్చేవాడే పోతే ఏం చేస్తాం?" అన్నాడు బావ.

ఆయన రేడియో కట్టేశాడు. ఇద్దరి ముందూ టీ చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి స్టేడియం గేటు దగ్గర ఊరంతా ఉంది. నర్సులు ఆసుపత్రి బట్టల్లో వచ్చారు. రొట్టెల దుకాణం ఆవిడ చేతులకి పిండితోనే వచ్చింది. కొందరు క్లబ్బు చొక్కాలు విప్పి గేటుకి కట్టారు. క్లబ్బు అధ్యక్షుడు బాల్కనీలోకి వచ్చి, "ఆయన్ని నేను మాత్రం కట్టేసి ఉంచగలనా?" అన్నాడు. దాంతో ఎవరి మీద అరవాలో తెలియక జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అయినా వచ్చినందుకు కాసేపు అరిచి, ఇళ్ళకి పోయారు.

జల్లెడ కారెక్కి వెళ్ళిపోవడం అందరూ చూశారు. నీడ మాత్రం వెళ్ళలేదు. తూర్పు గ్యాలరీలో ఆయనెప్పుడూ కూర్చునే మెట్టు మీదే, కాలు మీద కాలేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునే ఉంది. మబ్బు పట్టినా ఉంది. ఊడ్చేవాళ్ళు దాని చుట్టూ ఊడ్చారు. కొత్తగా వచ్చిన డైరెక్టర్ మర్యాదస్తుడు, దాన్ని తొక్కకుండా పక్కకి జరిగి కూర్చునేవాడు.

బావ డ్యూటీ మధ్యలో ఖాళీ దొరికితే దాని దగ్గరికి పోయేవాడు. "మన ఫార్వర్డు మోకాలు ఇక బాగయ్యేట్టు లేదు. ఎవణ్ణి తేవాలో నువ్వే చెప్పు బాబూ" అని బతిమాలేవాడు. నీడ కదిలేది కాదు. జట్టు ఓడింది, మళ్ళీ ఓడింది. ఓడినప్పుడల్లా జనం ఆ నీడ చుట్టూ చేరి, చావింట్లో కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు.

పళ్ళ సెట్లాయన కూతురు ఆ క్లబ్బులోనే ఆడపిల్లల జట్టులో ఆడేది. పొట్టిగా, గట్టిగా ఉంటుందని ఇంట్లో బుడంకాయ అనేవారు. ఆ రోజుల్లోనే కోచ్ ఆయన్ని పిలిచి, "పొడవు చాలదండీ. వచ్చే ఏడాది నుంచి వద్దు" అన్నాడు. ఆయన తల ఊపి వచ్చేశాడు.

"కూతురి తరఫున ఒక్క మాట అనలేకపోయారా?" అంది భార్య.

"ఏమనను? క్లబ్బుకి తెలియదంటావా?"

బుడంకాయ ఇదంతా వింటూ బూట్ల లేసులు కట్టుకుంటోంది. "మిగిలిన ఆటలు ఆడనిస్తారా నాన్నా?" అని మాత్రం అడిగింది.

ఆడనిచ్చారు. ఒక ఎండ మధ్యాహ్నం పెద్ద మైదానంలోనే ఆడపిల్లల ఆట. గ్యాలరీలో తల్లిదండ్రులూ, బావా తప్ప ఎవరూ లేరు. ఎదురొచ్చిన పొడుగు పిల్ల కాళ్ళ మధ్యలోంచి బుడంకాయ బంతి లాక్కుపోయింది. అప్పుడు నీడ కాలు దించింది. మరోసారి లాక్కుపోయేసరికి లేచి నిలబడింది. ఒక్కో మెట్టు దగ్గరా మడతపడుతూ కిందికి దిగి, గీత వెంట బుడంకాయతో పాటు పరిగెత్తింది.

"లేచింది! లేచిందిరా బాబూ!" అంటూ బావ ఆయన భుజం పట్టి ఊపేశాడు.

ఆట అయిపోయాక నీడ ఆ పిల్ల బూట్ల మీదుగా ఒకసారి పాకి, గేటు దాటి, ఏటి వంతెన వైపు వెళ్ళింది. డ్రైవర్లు బస్సులాపి దానికి దారిచ్చారు.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడూ, కోచూ క్లబ్బు కొత్త చొక్కా పట్టుకుని పళ్ళ సెట్లాయన పనిగదికి వచ్చారు. కూర్చోమనేలోపే ఫోన్ మోగింది. జల్లెడ గొంతు.

"నా నీడ ఇంటికొచ్చిందండీ. మీ అమ్మాయి ఆట సంగతి చెప్పింది. మా దగ్గరికి పంపిస్తారా?"

ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడికి సంగతి అర్థమైంది. "పాప మా క్లబ్బు బిడ్డండీ. మీరు మా మనిషి. మీరు చెబితే వింటుంది" అన్నాడు. కోచ్ కిటికీ పక్కన ఆరుతున్న దవడల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వే చెప్పు నాన్నా" అంది గుమ్మంలో నిలబడ్డ బుడంకాయ. "వీళ్ళు నన్ను వద్దన్నప్పుడు నువ్వు సరే అన్నావు. ఇప్పుడూ నువ్వే చెప్పు."

ఊళ్ళో ఎంతమంది నోళ్ళో బాగుచేసిన మనిషికి తన నోరు పెగల్లేదు. ఉండమంటే తండ్రి మాట కాదు, క్లబ్బు మాట అవుతుంది. వెళ్ళమందామంటే రేవు అనే మాట గొంతు దాటలేదు. కూతురు ఆగింది, చాలాసేపే ఆగింది. తర్వాత నెమ్మదిగా ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వస్తానండీ" అంది.

రేవు జట్టు చొక్కా వేసుకుని బుడంకాయ సొంత ఊళ్ళో ఆడడానికి వచ్చిన రోజున ఆయన తన క్లబ్బు కండువా వేసుకునే వెళ్ళాడు. భార్య వేసుకోలేదు. ఆ పిల్ల కాలికి బంతి తగిలినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు వెక్కిరిస్తూ హూ అని అరిచారు. వాళ్ళంతా ఎన్నో ఏళ్ళుగా ఆయన పక్కన కూర్చునేవాళ్ళే. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకసారి బుడంకాయ వాళ్ళ ముందే, గీత పక్కనే బంతి లాక్కుని, తల ఎత్తి గ్యాలరీ వైపు చూసింది.

"నేను అటు చూస్తాను. నువ్వేం చేసుకుంటావో చేసుకో" అని బావ మెడ తిప్పేసుకున్నాడు.

ఆయన చేతులు బయటికి తీశాడు. మొద్దుబారిపోయి ఉన్నాయి. ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు దగ్గరికొచ్చి, చప్పుడు కాకుండా తగిలాయి. అప్పటికే ఆ పిల్ల అటు తిరిగి పరిగెత్తుతోంది.