పలకకు డెబ్బై బొట్లు

అక్షరాలు నేర్చుకునేసరికి నా తల సగం నెరిసింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. ఇంత రాయడానికి నెల పట్టింది, దానికీ మన్నించండి.

మదనపల్లెలో చెత్త ఎత్తే మునిస్వామి పని పోగొట్టుకుని, ఆ దిగులుతోనే మూడు నెలలకు చనిపోయాడు. దినాలు అయిన మర్నాడే భార్య మునిలక్ష్మి, ఆ పని ఊడగొట్టిన గురుమూర్తి ఇంట్లోనే పాచిపనికి చేరింది. సిగ్గులేనిది అన్నారు చూసినవాళ్లు. అననీ అనుకుంది.

గురుమూర్తి చెత్త కంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. ఊళ్లో ప్రతి ఇంటి గేటు పక్కనా గోడకు బిళ్లంత ట్యాగు అంటించి ఉంటుంది. చెత్త తీసుకున్నాక దానికి చేతిమిషను చూపిస్తే కుయ్యిమంటుంది. ఆ ఇంటి చెత్త తీసినట్టు ఆఫీసు కంప్యూటర్లో పడుతుంది. సాలోళ్ల వీధిలో డెబ్బై ఇండ్ల ట్యాగులు ఒకే వారంలో మాయమయ్యాయి. వీధి మొదట్లో చెత్త గుట్టలు పడింది. పని ఎగ్గొట్టడానికి మునిస్వామే వాటిని పీకి పారేశాడని గురుమూర్తి రాసిచ్చాడు. వీధి ఆడవాళ్లు ఆ మాటే పట్టుకుని మునిస్వామిని మొహం మీదే దొంగ అన్నారు.

గోడలు చూసిన అధికారి అంకెలు చూడలేదు. అంకెలు చూసే అధికారి గోడలు చూడలేదు.

మునిలక్ష్మి రెండూ చూసింది. పొద్దున్నే ఆమె అంట్లు తోముతుంటే, లోపలి గదిలో గురుమూర్తి స్నానం చేసి కూర్చుని కుయ్ కుయ్ అని డెబ్బై సార్లు మోగించేవాడు. బీరువా వెనక ఒక చెక్క పలక, దాని నిండా వరసగా ట్యాగులు. ఆ వీధికి పోవాల్సిన చెత్త ఆటో టమోటా మార్కెట్లో బాడుగకు తిరిగేది, ఆ డబ్బు గురుమూర్తి జేబులో పడేది. ఆమె నోరు మెదపలేదు. తాను తీసుకుపోయి ఇస్తే, మొగుడు దాచింది పెండ్లాం తెచ్చిందంటారు. ఆ ఇంటి చేతులే దాన్ని నలుగురిలో పెట్టాలి.

ఆయుధపూజ వచ్చింది. చెత్త బండ్లు పెట్టే షెడ్డులో చీపుర్లు, పారలు, తోపుడు బండ్లు కడిగి పెట్టడానికి గురుమూర్తి ముందే పోయాడు. ఇంట్లో అతని భార్య కుసుమ బొరుగులు, గుగ్గిళ్లు సర్దుతోంది.

"అమ్మా, అన్నీ పెట్టినారు గానీ బీరువా ఎనక పలక మరిసిపోతాండారే" అంది మునిలక్ష్మి.

"అదా? ముట్టుకోవద్దంటాడు మే, ఆయప్ప."

"మామూలు దినాల్లో ముట్టుకోవద్దంటాడు. పిలకాయల్ని కొడవలి ముట్టుకోనిస్తామా? అట్లని ఈ పొద్దు దానికి బొట్టు పెట్టమా? దినామూ తానం చేసి పట్టుకునే వస్తువు. మీకు అన్నం పెడతాండేది అదే గదమ్మా."

కుసుమ నాలిక కరుచుకుంది. కూర్చుని ఒక్కో ట్యాగుకు పసుపు, దాని మీద కుంకుమ పెట్టింది. పలకకు చామంతి దండ చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయలుదేరింది. మునిలక్ష్మి గుగ్గిళ్ల గంప మోసుకుని వెనక నడిచింది. పలకను మాత్రం వేలితో కూడా తాకలేదు.

షెడ్డు బయట గురుమూర్తి ఆటోకు గుమ్మడికాయతో దిష్టి తీస్తున్నాడు. వచ్చిన భార్యను చూడలేదు. కుసుమ పలకను చీపుర్ల మధ్య నిలబెట్టి కర్పూరం వెలిగించింది. హారతి తీసుకోవడానికి వంగిన మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు సుబ్రమణ్యం అట్లాగే ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"మా ఆయన పనిముట్టు సార్" అంది కుసుమ, సంబరంగా.

అతను పూజలో ఉన్న మిషను తీసి పలక మీది ఒక ట్యాగుకు చూపించాడు. కుయ్యిమంది. గుమ్మడికాయ చేతిలోనే పట్టుకుని గురుమూర్తి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"మునిస్వామి దగ్గర దొరికినాయి సార్. బద్రంగా ఎత్తిపెట్టినా."

సుబ్రమణ్యం మిషనులో చూశాడు. "నిన్న పొద్దున ఏడుంబావుకు ఈ ఇంటి చెత్త తీసినట్టు ఉండాదే. మునిస్వామి పోయి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది నెల్ల పదకొండు దినాలు సార్" అంది మునిలక్ష్మి వెనక నుంచి. "పైనుంచి దినామూ దిగొచ్చి మోగించి పోతాండాడేమో మా ఆయప్ప."

గురుమూర్తి ఆమె కళ్లలోకి చూశాడు. ఎందుకు తన ఇంట్లో అంట్లు తోమిందో అతనికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు.

అతని ఉద్యోగం పోయింది, కేసు పడింది. మునిస్వామి తప్పు లేదని ముద్ర వేసిన కాగితం మునిలక్ష్మి చేతికి వచ్చింది. కుప్పంలో పుట్టింటికి పోతూ కుసుమ బస్టాండులో ఆమెకు ఎదురుపడింది.

"నాతో ఒక మాట చెప్పింటే నేనే తెచ్చిచ్చేదాన్ని గదా మే. నా చేతుల్తో బొట్లు పెట్టించినావే."

"మీరు మంచోళ్లేనమ్మా. అందుకే ఆయప్పకు మీ చేతుల్తో తగిలితేనే నొస్తుందనుకున్యా."

కుసుమ బస్సెక్కింది. మునిలక్ష్మి అక్కడ నిలబడలేదు. నేరుగా సాలోళ్ల వీధికి పోయి మొదటి ఇంటి గేటు కొట్టింది. తలుపు తీసినావిడ చేతిలో కాగితం పెట్టింది.

"నాకు సదువు రాదు. గట్టిగా సదువమ్మా, నేను ఇనాల."

ఆవిడ సగంలో గొంతు తగ్గిస్తే మళ్లీ మొదటి నుంచి చదివించింది. తర్వాత కాగితం మడిచి పట్టుకుని పక్కింటి గేటు కొట్టింది.

— అన్నపూర్ణమ్మ, అరవై మూడేండ్లు, ఇప్పుడుండేది పుంగనూరు