ఉల్టా పురి గోటీ

సక్కుబాయికి ముందు భయం పుట్టేది, సంగతేమిటో తర్వాత తెలిసేది. డిపో నుంచి భర్త బాబురావు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె మనసులో అప్పటికే బస్సు మూసీలో పడిపోయి ఉండేది. అలాంటి తల్లికి దేవుడు ఎడమచేతి వాటం బిడ్డనిచ్చాడు.

విమల మూడో తరగతి. పలక పట్టినా, గుడిలో తీర్థానికి చేయి చాపినా, ఎడమ చెయ్యే ముందుకొచ్చేది. సక్కుబాయి లాల్‌దర్వాజాలోని అద్దె గదిలో మొలతాళ్లు పేని దుకాణాలకు వేసేది. తొడ మీద దారం పరిచి అరచేత్తో ఒక్క తోపు తోస్తే పురి ఎక్కుతుంది. పిల్ల పేనితే మాత్రం అది ఎదురువైపు ఎక్కేది. తల్లి పోగునూ బిడ్డ పోగునూ కలిపి మెలేస్తే, నిలవకుండా విడిపోయేవి.

“మల్ల ఉల్టా పురి! రేపు నీ సంసారం గూడ గిట్లనే ఇడిపోతదే,” అని నెత్తి కొట్టుకునేది.

దానికి పక్కింటి నాగమణమ్మ ఒక మందు చెప్పింది. గరిటె కాడ ఎర్రగా కాల్చి ఎడమ అరచేతిలో వాత పెట్టాలట.

“మా చెల్లె బిడ్డకు ఎడమ వాటం గట్లనే పోయింది. శుక్రారం పొద్దుగాల వస్త. నువ్వు చెయ్యి గట్టిగ పట్టుకో, సాలు.”

సక్కుబాయి సరేనంది. వాత పెడితే చేయి పుచ్చిపోతుందని ఒక భయం, పెట్టకపోతే రేపు పిల్లను అత్తింటివాళ్లు తరిమేస్తారని ఇంకో భయం. ఆ శుక్రవారం వచ్చేదాకా పాత చీర పేలికతో పిల్ల ఎడమ చేతిని నడుముకు కట్టి ఉంచింది.

గురువారం నీళ్లు పోద్దామని పేలిక విప్పితే పిడికిలి తెరుచుకోలేదు. వేళ్లు బలవంతంగా విప్పింది. లోపల ఒక గోటీ.

అది పిల్లలు గల్లీలో ఆడే పచ్చ గోటీ కాదు. ఉసిరికాయంత ఉంది. లోపల తెల్లటి పోగులు, ఎర్రటి పోగులు, వాటి నడుమ సన్నని పసుపు దారం, అన్నీ కలిసి మెలితిరిగి పైకి లేస్తున్నట్టున్నాయి. గాజులోకి దారం ఎట్లా పోయింది? వెలుగు పడగానే ఆ మెలిక కదిలినట్టయింది. సక్కుబాయి ఒక్క క్షణం భయపడటం మరిచిపోయింది. ఆ తర్వాత రెట్టింపు భయపడింది.

“యాడిదే ఇది?”

“చెప్పనని ఒట్టేసిన.”

ఇంకేం కావాలి? పత్తర్‌గట్టిలో దారాలు, పూసలు అమ్మే వైకుంఠం సేటు దుకాణంలో అద్దాల పెట్టె నిండా పాత గోటీలుంటాయి. మొలతాళ్లు వేయడానికి పోయినప్పుడల్లా విమల ఆ పెట్టెకు ముక్కు ఆనించి నిలబడేది. అక్కడే ఎత్తుకొచ్చింది! సక్కుబాయి కళ్ల ముందు పోలీసు ఠాణా కనబడింది. పేలిక మళ్లీ కట్టి, పిల్లను ఈడ్చుకుంటూ పోయింది.

“సేటూ, పిల్ల తెల్వక తీసింది. కాళ్లు మొక్కుత, పోలీసులకు చెప్పకుండ్రి.”

“ముందు ఊపిరి తీస్కో అమ్మా. నా గోటీలు నాకు పిల్లల లెక్క, ఒక్కటి తక్కువైనా ఎర్కయితది. ఇది నాది గాదు,” అన్నాడు వైకుంఠం. గోటీని వెలుతురుకు పట్టి తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. జరీ దారం కావాలని ఎవరో అడిగితే, “ఠైరో భాయ్,” అని అటు చూడకుండానే అన్నాడు. తర్వాత గోటీ అడుగున గరుకుగా ఉన్న మచ్చను సక్కుబాయికి చూపించాడు.

“మిషన్ గోటీకి ఇది ఉండది. ఇది చేత్తోటి చేసింది. రంగు గాజు పోగులు కలిపి కడ్డీ లెక్క తీసి, మెత్తగ ఉండంగనే మెలేసి, కొసన కత్తిరిస్తరు. కత్తిరించిన కాడ గిట్ల మచ్చ మిగుల్తది.”

“బొడ్డు కోసినట్టు,” అంది సక్కుబాయి, తనకు తెలియకుండానే.

“గంతే గంతే!” సేటు లోపలికి పోయి దూది పరిచిన చిన్న డబ్బీ తెచ్చాడు. అందులో ఇంకో గోటీ ఉంది. “అఫ్జల్‌గంజ్‌ల పాత సీసాలు కొనేటాయన దగ్గర దొరికింది. వెనుకట ఇక్కడి గాజు కార్ఖానల ఎవరో కూలాయన, పని అయినంక మిగిలిన గాజుతోటి చేసేటోడట. పేరు ఎవ్వరికి తెల్వది. ఏండ్లసంది ఎతుకుతున్న. సూడు, రెండు ఒక్క చెయ్యి చేసినయే.”

“ఎట్ల చెప్తవు సేటూ?”

“రంగులు ఎవడన్న కలుపుతడు, మెలిక ఎవనిది వానిదే. నా పెట్టెల విలాయతీ గోటీలు గూడ ఉన్నయి. అన్ని ఒక దిక్కు తిరిగినయి, ఈ రెండే ఎదురు తిరిగినయి. ఎందుకో నాకు సమజ్ కాలే.”

“నా దారం లెక్కుంది,” అంది విమల.

“ఏంది బేటీ?”

“ఎడమ చేత్తోటి పేన్తే గిట్లనే వస్తది. అమ్మ ఉల్టా పురి అంటది.”

సేటు తెల్లదారం, ఎర్రదారం తెంపి ఇచ్చాడు. పిల్ల తల్లి వైపు చూసింది. సక్కుబాయి పేలిక విప్పింది. విమల దుకాణం మెట్టు మీద కూర్చుని, దారాలు తొడ మీద పరిచి, ఎడమ అరచేత్తో తోసింది. పేనిన దారాన్ని సేటు గోటీ పక్కన పట్టాడు. గాజులో పోగు ఎటు తిరిగిందో దారమూ అటే తిరిగింది.

“వారెవ్వా!” సేటు టోపీ తీసేశాడు. “ఇవి చేసినాయనది గూడ ఎడమ చెయ్యే, పుర్రచేతి మనిషి!”

సక్కుబాయి మెట్టు మీదే కూలబడింది.

ఆమె తండ్రి ఓదెలు గాజు కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆమె పాకే వయసులోనే పోయాడు. ఫోటో లేదు. మొన్న తల్లి ఆగమ్మ వచ్చినప్పుడు, పిల్ల చేతికున్న పేలిక చూసి, “మీ నాయిన చెయ్యి గూడ...” అని మొదలుపెట్టింది. “అపశకునం మాట్లాడకే,” అని సక్కుబాయి ఆ నోరు మూయించింది. మిగిలింది తనే ఊహించుకుంది. చేయి కాలిందో, తెగిందో అని. ఆ మాట ఇప్పుడు పూర్తయింది.

“బిడ్డా, నీ ఒట్టు నా మీద పడనీ. ఎవరిచ్చిండ్రు?”

“అమ్మమ్మ. తాతదట. మింగుతనని భయపడి నువ్వు గుంజుకుంటవట, అందుకే చెప్పొద్దన్నది.”

సక్కుబాయి గోటీని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎప్పుడో మంట ముందు ఒక మనిషి మణికట్టు తిరిగింది. మనిషి పోయాడు, ఆ తిరుగుడు మాత్రం గాజులో ఉండిపోయింది. ముఖమైనా ఎరగని తండ్రి చేయి ఇదిగో, ఇక్కడ. అదే చేయి పక్కనే కూర్చుని దారపు కొసలు ముడేస్తోంది. ఆ లేత అరచేతిలోకి చూడలేక ఆమె కళ్లు మూసుకుంది.

“పేరేందమ్మా?” సేటు గొంతు తగ్గించి అడిగాడు.

“ఓదెలు. మా నాయిన.”

ఇంటి పెద్ద పేరు తలుచుకున్నట్టు, సేటు ఆ పేరును రెండుసార్లు పలికి, తన గోటీని మళ్లీ దూదిలో పడుకోబెట్టాడు.

శుక్రవారం పొద్దున నాగమణమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. సక్కుబాయి గడపకు అడ్డంగా నిలబడింది.

“వద్దక్కా.”

“ఏందే, రేపు అత్తగారింట్ల తంతే?”

“ఆ ఫికర్ నేను చేస్త, నాకు అలవాటే. బువ్వ కుడిచేత్తోటి తింటది. పని మాత్రం దాని చెయ్యి దానిష్టం.”

నాగమణమ్మ గొణుక్కుంటూ పోయింది. సక్కుబాయి తలుపు గొళ్లెం పెట్టింది. లోపలికి వచ్చి, “గోటీ నోట్లె పెట్టుకున్నవా ఏంది?” అని గద్దించింది. పిల్ల నోరు తెరిచి చూపింది. లేదు.

అప్పుడు తల్లి తన పోగులు పక్కకు నెట్టి, బిడ్డ పేనిన పోగులే రెండు తీసి బిడ్డకే ఇచ్చింది. విమల వాటిని కలిపి మెలేసింది. సక్కుబాయి రెండు కొసలూ పట్టి లాగింది, గట్టిగా లాగింది. అది విడిపోలేదు. కిటికీ వెలుతురుకు పట్టి, సేటు గోటీని చూసినట్టు, తిప్పి తిప్పి చూసింది.