కింది పెదవి లాగకూడదు

పన్నెండు రోజులు కింది పెదవి లాగి చూసుకోవద్దని పళ్ళ డాక్టరమ్మ నాకు మూడుసార్లు చెప్పింది. చిన్న పిల్ల, మా చెల్లెలి కూతురి వయసుంటుంది. నలభై దాటాక సోకు పుట్టి పళ్ళకు క్లిప్పులు పెట్టించుకున్నాను. పళ్ళు వరసకొచ్చాయి గానీ, కింద ముందు పన్ను దగ్గర చిగురు జారిపోయి వేరు బయటపడింది. డాక్టరమ్మ అంగిలి నుంచి చిన్న కండ ముక్క తీసి అక్కడ పెట్టి కుట్టింది. అది అతుక్కోకపోతే పన్ను దక్కదట.

నా ఉద్యోగమే కుట్లు చూడడం. బట్టల ఫ్యాక్టరీలో చెకర్‌ని. చొక్కా చేతికి రాగానే చంక కుట్టును రెండు చేతులా పట్టి లాగుతాను. నిలిస్తే పాస్, లేకపోతే కుట్టినవాళ్ళకే తిరిగి పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. అలాంటిదాన్ని నోట్లో కుట్లు పెట్టుకుని చూడకుండా ఉండమంటే ఎలా ఉంటాను?

"కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? కాసేపు కుదురుగా కూర్చోవే" అన్నాడు మా ఆయన.

"కుట్లు నా నోట్లో ఉన్నాయి, మీ నోట్లో కాదు!"

పాపం, ఆయన అద్దానికి తువ్వాలు కప్పి పనికి వెళ్ళాడు.

ఆరో రోజు ఆ తువ్వాలు లాగిపారేశాను. ఒక్కసారి చూసి వదిలేద్దామనుకున్నాను. చేతులు వాటి అలవాటు అవి చేసేశాయి. పెదవి పట్టుకుని గట్టిగా ఒక్క లాగు లాగాను. చురుక్కుమంది. నోరంతా రక్తం.

మర్నాడు డాక్టరమ్మ లైటు వేసి చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"ముక్క కదిలిపోయిందండీ. పెదవి లాగలేదు కదా?"

"అబ్బే, ముట్టుకుంటే ఒట్టు!"

ఆమె లైటు దగ్గరికి తెచ్చి మళ్ళీ చూసింది.

"అయితే నా కుట్టే సరిగ్గా పడలేదు. తప్పు నాదేనమ్మా" అంటూ నా ఫైలు తెరిచి రాయబోయింది.

నేను తిప్పి పంపిన కుట్లకు లెక్కలేదు. మంచి కుట్టుకు మాత్రం ఏనాడూ వంక పెట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆగమ్మా, రాయకు. నీ కుట్టు బంగారంలాంటిది. నేనే లాగాను, రెండు చేతులతో."

ఆమె తలెత్తి నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"అంగిలి రెండోవైపు కోసి మళ్ళీ కుట్టాలి. అయినా ఈసారి పన్ను నిలుస్తుందని మాటివ్వలేను."

"కుట్టు తల్లీ. పోతే నావల్లే పోయిందని రాయి."